ఆ సీసాలో కల్లు లేదు

మా చర్చి సంఘం వందేళ్ల పండుగకి అచ్చు వేసిన పుస్తకంలో నలభై ఒకటో పేజీలో ఒక వాక్యం ఉంది. "ఒక సంవత్సరము ప్రభువు బల్లకు సిద్ధపరచిన ద్రాక్షారసములో కల్లు కలిసినట్లు తేలినందున, నాటినుండి కొన్న రసమునే వాడుచున్నాము." ఎవరు తేల్చారో రాయలేదు. ఎవరు కలిపారో కూడా రాయలేదు. రాయక్కర్లేదు, మా పేటలో ఎవర్నడిగినా చెబుతారు.

తేల్చింది నేను. తేల్చింది అబద్ధం. అది అచ్చులోకి ఎక్కింది కాబట్టి నేనూ అచ్చులోనే చెప్పదలుచుకున్నాను.

నా పని మిరపకాయలు చూడటం. గుంటూరు బయట ఒక కోల్డు స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా అదే పని. టిక్కీకి, అంటే మిరప బస్తాకి, పక్కన చిన్న కోత కోసి గుప్పెడు కాయలు తీస్తాను. విరుస్తాను, వాసన చూస్తాను, గింజ నాలుక మీద పెట్టుకుంటాను. ఒకే ఏడాది, ఒకే విత్తనం, అయినా దర్శి వైపు కాయ వేరు, పల్నాడు నల్లరేగడి కాయ వేరు. కళ్లకి గంతలు కట్టినా చెప్పగలను. ఇది గొప్పకి చెప్పడం లేదు. నేను చేసిన పనికి 'పొరపాటు' అనే పేరు ఎందుకు పెట్టకూడదో చదివేవాళ్లకి తెలియాలని చెబుతున్నాను.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు భోజనం. దానికి కావలసిన ద్రాక్షారసం ఏడాదికి సరిపడా ఒకేసారి కాచేవాళ్లు. మార్చిలో నల్ల ద్రాక్ష బాగా దిగినప్పుడు, ఒక్క శనివారం. కాచేది ఒక్క మనిషే. మా స్టోరేజీ యార్డులోనే మిరపకాయల తొడిమలు తుంచే పనికి వచ్చే ఒక విధవరాలు. నాకు చుట్టం కాదు గానీ అక్కా అనే పిలుస్తాను. వాళ్ల అత్తగారు కాచేదట, ఆమె తర్వాత ఈమె.

తొడిమలు తుంచే చేతుల సంగతి ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎన్నిసార్లు కడిగినా ఆ చేత్తో కన్ను తుడుచుకోలేరు. అందుకని అక్క ద్రాక్ష రోజుకి ముందు మూడు రోజులు పనిలోకి వచ్చేది కాదు. కూలి పోతే పోయింది. చేతులకి కొబ్బరినూనె రాసి, శనగపిండితో తోమి, మజ్జిగలో నానబెట్టి, శనివారం పొద్దున తన మనవరాలి నోటికి వేలు పెట్టి చూసేది. పిల్ల ఏడవకపోతే పళ్లు ముట్టుకునేది. "దేవుడి నోట్లో కారం పడకూడదు కదా తమ్ముడూ" అని నవ్వేది. పళ్లు కాచి, కొత్త పంచెగుడ్డలో పిండి, పంచదార వేసి, మళ్లీ మరిగించి, చల్లార్చి గాజు సీసాలకి పోసేది. బెండు బిరడా కొట్టి, క్రిస్మస్‌కి వెలిగించగా మిగిలిన కొవ్వొత్తులు కరిగించి దానిమీద మూత పోసేది.

ఆ సీసాలు ఏడాదంతా నిలవ ఉండాలంటే చల్లదనం కావాలి. ఆ భాగం నాది. కోల్డు స్టోరేజీ గదిలో ఒక మూల, టిక్కీల వెనక, రెండు డబ్బాలు పెట్టేవాణ్ని. మా ఓనరుకి తెలియదు. మిరప గదిలో ఇంకే వస్తువూ ఉండకూడదని ఆయన రూలు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సీసాకి పైన కాస్త మిరప ఘాటు అంటుకునేది తప్ప లోపలి రసం పువ్వులా ఉండేది.

తొమ్మిదేళ్ల కిందట మే నెలలో ఎగుమతి కంపెనీ వాళ్లు గదులు చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. నేను కంగారుపడి ఒక డబ్బా తీసి వెనక రేకుల షెడ్డులో పెట్టించాను. రెండో డబ్బా బాగా లోపల ఉండిపోయింది, కనపడదులే అని వదిలేశాను. వాళ్లు వచ్చారు, చూశారు, వెళ్లారు. షెడ్డులో డబ్బా సంగతి నేను మర్చిపోయాను. మే నెల, గుంటూరు ఎండ, రేకుల షెడ్డు. మూడు వారాలు.

జూన్ మొదటి ఆదివారానికి ముందు రోజు గుర్తొచ్చింది. అందులోంచే రెండు సీసాలు తీసుకెళ్లి వెస్ట్రీలో, అంటే చర్చి పక్కగదిలో, పెట్టాను. సీసాలు చేతికి వెచ్చగా తగిలాయి. రాత్రికి చల్లబడతాయిలే అనుకున్నాను.

ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ప్రార్థన చేసి బిరడా మీద చెయ్యి వేశారో లేదో అది టప్పున ఎగిరి ఆయన కళ్లజోడుకి తగిలింది. రసం నురగలు కక్కుతూ బల్ల మీది తెల్లగుడ్డంతా పారింది. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఒక ముసలాయన "స్తోత్రం" అన్నాడు, ఏమనాలో తెలియక. ఆ రోజు బల్ల జరగలేదు.

ఆరాధన అయ్యాక పెద్దలు వెస్ట్రీలో కూర్చున్నారు. అయ్యగారు, సంఘం సెక్రటరీ, ఇంకో ఇద్దరు పెద్దలు. అక్క గుమ్మం బయట నిలబడింది, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. సెక్రటరీ నా ముందు మూడు గాజు గ్లాసులు పెట్టించాడు. అప్పటికే నా చేత స్టోరేజీ నుంచి లోపలి డబ్బా సీసా ఒకటి తెప్పించారు. అది ఒకటి, షెడ్డు సీసాలు రెండు.

"నాలుకంటే నీదే నాలుక. నువ్వు చెప్పు, మేం వింటాం" అన్నాడు సెక్రటరీ.

మూడూ ఒకే ఏడాది పళ్లు. ఒకే రోజు, ఒకే గిన్నెలో కాచినవి, ఒకే చెయ్యి. మొదటిది నిండు తీపి, కదలిక లేదు. రెండోది, మూడోది నాలుక మీద చిటపటలాడాయి. తీపి తగ్గింది. వెనక నుంచి పులిసిన పిండి వాసన. గ్లాసు అడుగున సన్నటి తెల్లటి మడ్డి. ఒక్క గింజ నాలుక మీద పెట్టి ఏ మండలం కాయో చెప్పే మనిషిని, నాకు ఆ నిమిషంలో తట్టాల్సిన ప్రశ్న ఒకటే. కాచింది ఒకటే అయితే, తేడా ఎక్కడొచ్చింది? ఉంచిన చోట వచ్చింది. ఉంచింది ఎవరు?

తట్టలేదని చెప్పను. తట్టింది. వెచ్చటి సీసా చేతికి తగిలిన సంగతి ఇంకా అరచేతిలోనే ఉంది.

"కల్లు కదూ?" అన్నాడు ఒక పెద్ద. "రసం చాలక, నీళ్లు కలిపితే తెలుస్తుందని కల్లు పోసింది. ఆమె ఇల్లు తాటితోపు పక్కనేగా!"

"నురగ చూస్తే తెలియట్లా?" అన్నాడు ఇంకొకాయన. కల్లు నురగ ఆయనకెలా తెలుసో ఆయన్ని ఎవరూ అడగలేదు.

నేను సీసాలు షెడ్డులో మర్చిపోయాను అని చెప్పాలంటే, ఓనరుకి తెలియకుండా గదిలో దాచానని చెప్పాలి; స్టోరేజీలో పెడతానని పెద్దలకి తెలుసు గానీ, దొంగచాటుగా పెడతానని తెలియదు. ఆ ఓనరు మా పెద్దలందరికీ బాగా తెలిసిన మనిషి. పైగా నలుగురు పెద్దమనుషులు నా నాలుక వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు ఎంత తియ్యగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

"కల్లు వాసనే" అన్నాను.

రెండే మాటలు. గుమ్మం దగ్గర అక్క నా ముఖంలోకి చూసింది. పెద్దలు బయటికొచ్చి "నువ్వేమంటావమ్మా?" అని అడిగితే "తమ్ముడు చెప్పాడుగా" అంది. దాన్ని ఒప్పుకోవడం కింద రాసుకున్నారు.

ఆ తర్వాత నుంచి ప్యాకెట్ రసం. అక్క ప్రతి ఆదివారం వస్తుంది. బల్ల ఆదివారం మాత్రం ప్రసంగం కాగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయేది. తొమ్మిదేళ్లు ఆమె వీపు చూశాను నేను. వారంలో ఆరు రోజులు అదే యార్డులో కుప్ప పక్కన కూర్చుని తొడిమలు తుంచుతూనే ఉండేది. నేను అటు వెళితే తోటి ఆడవాళ్లు గొంతు పెంచి "ఏమేవ్, కల్లు మరదలా!" అని ఆమెనే వెక్కిరించేవాళ్లు. ఆమె కాయ తుంచి కుప్పలో పడేసేది, అంతే.

నేనేమనుకున్నానో తెలుసా? తెలియక అన్నాను, నేనేం వైన్ తాగేవాణ్నా అనుకున్నాను. ఆ మాటని ఎనిమిదేళ్లు దిండులా వాడుకున్నాను.

కిందటేడు ఆ దిండు పోయింది. మా కంపెనీకి బయటి దేశపు కొనుగోలుదారులు వచ్చారు. మంగళగిరి దగ్గర కొత్తగా కట్టిన హోటల్లో వాళ్లకి మధ్యాహ్నం విందు. అందులో ఒక సరదా, ద్రాక్ష వైన్ల రుచి చూడటం. మిరప రుచి చూసేవాళ్లు వైన్ రుచి ఎలా చూస్తారో చూద్దామని మా ఓనరు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాడు.

ఐదు సీసాలు. అన్నీ నురగ వచ్చే రకం. ఐదూ ఒకే ఏడాది కోసిన పళ్లతో చేసినవే, తోటలు వేరు, చేసినవాళ్లు వేరు. చెప్పే అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. ఇంగ్లీషులో దంచుతుంటే బెదిరాను గానీ, నా దగ్గరికి వచ్చేసరికి "మాది తెనాలే అండి, మీరు తెలుగులో చెప్పండి" అంది.

మొదటి సీసా బిరడా తీసింది. టప్పుమంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు! నా ఒళ్లు ఒక్కసారి మండింది. అదే చప్పుడు. మా బల్ల దగ్గర అదే చప్పుడుకి ఒక ఆడమనిషిని గుమ్మం బయట నిలబెట్టాం.

మొదటి గ్లాసు దోరజామకాయ, నిమ్మతొక్క. పెద్ద పెద్ద బుడగలు, తొందరగా ఎగిరిపోయాయి. రెండోది ఘాటుగా పొడిగా ఉంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మీదుగా వానపడ్డాక వెళితే వచ్చే తడి సున్నం వాసన. ఆ మాటే చెబితే అమ్మాయి రాసుకుంది. మూడోది ముక్కు దగ్గర పెట్టుకుని నేను ఆగిపోయాను. సన్నటి బుడగలు, దారంలా పైకి వస్తూనే ఉన్నాయి. వాటి వెనక, రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండికి తెల్లారి మూత తీస్తే వచ్చే వాసన.

వెస్ట్రీలో రెండో గ్లాసు వాసన. మూడో గ్లాసు వాసన. దానికంటే మొరటుగా ఉండొచ్చు, నల్ల ద్రాక్ష తీపి తోడై ఉండొచ్చు. కానీ అదే.

"ఇది పులిసింది కదమ్మా?" అన్నాను.

"పులిసే ఈ రుచి వచ్చింది సార్. సీసాలోనే ఈస్టు పంచదార తిని గ్యాస్ వదులుతుంది. దాని మడ్డి వైన్‌లోనే ఉండి ఈ వాసన ఇస్తుంది. తర్వాత సీసా తలకిందులుగా ఉంచి మడ్డి తీసేస్తారు."

"మడ్డి తెల్లగా ఉంటుందా?"

"అవునండి. మీకెలా తెలుసు?"

"ఇది దోషం కాదా?"

"దోషమేంటి సార్, ఐదింటిలో పేరున్నది ఇదే!"

నాలుగోది, ఐదోది కూడా తాగాను. కొన్నిటికి బుడగలు సీసాలో కాక పెద్ద తొట్టిలో తెప్పిస్తారని, ఐదోది కాస్త తీపి అని చెప్పింది. ఏవి సీసాలో పులిసినవో, ఏవి పెద్ద తొట్టిలో పులిసినవో ఆమె చెప్పకముందే విడదీశాను. అందరూ మళ్లీ చప్పట్లు. ఈసారి నాకు. మా ఓనరు నా భుజం తట్టి "మన నాలుక!" అన్నాడు.

చివర్లో ఆ అమ్మాయిని పక్కకి పిలిచి అడిగాను. "ఇంట్లో కాచిన ద్రాక్షరసం చల్లగా ఉంచితే ఏమీ కాలేదు. మూడు వారాలు ఎండలో రేకుల కింద ఉంటే?"

"బిరడా లోంచో, సీసా లోంచో కాస్త ఈస్టు దూరి ఉంటే చాలు సార్. చల్లగా ఉన్నంతకాలం పడుకుంటుంది, వేడి తగిలితే లేస్తుంది. సీసా పేలనందుకు సంతోషించండి."

"కల్లు కలిపినా ఇలాగే ఉంటుందా?"

ఆమె నవ్వింది. "సార్, ఐదు వైన్లు విడగొట్టారు. కల్లు రుచి మీకు తెలియదా?"

తెలుసు. మా నాన్నకి తెచ్చిపెట్టిన కుండల వాసన నాకు ఆరేళ్లప్పటి నుంచి తెలుసు. వెస్ట్రీలో కూర్చున్న ప్రతి మగవాడికీ తెలుసు. ఆ గ్లాసుల్లో తాటి వాసన లేదని మాలో తెలియనివాడు ఒక్కడూ లేడు. పెద్ద హోటల్లో సూటు వేసుకున్నవాడి ముందు పొంగితే అది ఐదింటిలో మేటి. తొడిమలు తుంచే మనిషి పోసిన సీసా పొంగితే కల్లు. రుచి చూసింది నాలుక కాదు. ఆమె ఇల్లు ఎక్కడుందో చూశాం, ఆమె చేతులు చూశాం, తీర్పు చెప్పేశాం.

ఇంతా తెలిశాక మర్నాడే వెళ్లి చెప్పి ఉంటే ఈ రాతలో కొంచెం మర్యాద మిగిలేది. వెళ్లలేదు. పది నెలలు ఊరుకున్నాను. పాత సంగతి, ఎవరికి గుర్తుందిలే అని. అప్పుడు వందేళ్ల పుస్తకం చేతికొచ్చింది. నలభై ఒకటో పేజీ.

సెక్రటరీ ఇంటికి వెళ్లి షెడ్డు సంగతి మొత్తం చెప్పాను. ఆయన విన్నంతసేపూ పుస్తకాల కట్టకి తాడు బిగిస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ? ఆమె పేరు రాయలేదుగా."

"పేరు రాయక్కర్లేదని మీకూ తెలుసు కదండీ."

"పండక్కి బిషప్పు గారొస్తున్నారు. నీకంత బాధగా ఉంటే ఆ పేజీ తీయిస్తాలే. ఎవరికీ తెలియకుండా."

"తీయడం కాదండి. తప్పని రాయాలి. తప్పు చెప్పింది నేనని రాయాలి."

"రాస్తే సంఘం తప్పు చేసిందని అవుతుంది."

"చేసిందిగా!"

ఆయన తాడు ముడివేసి నా వైపు చూశాడు. "నీకు అప్పుడు తెలుసా, తెలియదా? అది చెప్పు ముందు."

ఆయన నన్ను దెబ్బకొట్టాలనే అడిగాడు. కానీ సరైన ప్రశ్నే అడిగాడు. జవాబు చెప్పాల్సిన చోటు ఆయన ఇల్లు కాదనిపించింది.

అక్క దగ్గరికి వెళ్లాను. యార్డులో మధ్యాహ్నం అన్నం వేళ, కుప్పకి ఎడంగా వేపచెట్టు నీడన ఒక్కతే డబ్బా విప్పుకుంటోంది. మజ్జిగన్నం, ఉల్లిపాయ. ఎదురుగా గొంతుక్కూర్చుని మొదలుపెట్టాను. "అక్కా, ఆ రోజు సీసాలు..."

"రేకుల షెడ్డులో పెట్టావు" అంది.

నేను తలెత్తి చూశాను.

"చూశాలేరా. షెడ్డులో గోతాలు తేవడానికెళ్తే డబ్బా కనపడింది. చెయ్యి పెడితే అన్నంగిన్నెలా ఉంది. నీతో చెప్పాగా, లోపల పెట్టించు తమ్ముడూ అని. లారీ కాడ ఉండి, ఊఁ ఊఁ అన్నావు."

నాకు ఆ మాట నిజంగా గుర్తు లేదు. గుర్తు లేకపోవడం ఎంత సుఖమో చూడండి.

"మరి వెస్ట్రీలో చెప్పలేదేమక్కా? ఒక్క మాట చెబితే..."

"నేను చెబితే ఎవరు నమ్ముతార్రా?" అంది, ఉల్లిపాయ కొరుకుతూ. "నువ్వు చెప్తావని చూశా. గ్లాసు దించావు, నా వంక చూశావు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నా."

క్షమించమని అడిగాను.

"ఇక్కడెందుకు? చెట్టు కింద నన్నెవరన్నారు కల్లు కలిపావని? ఎక్కడన్నావో అక్కడ చెప్పు." డబ్బా మూత పెట్టి లేచింది. "అన్నం వేళ అయిపోయింది. మేస్త్రీ అరుస్తాడు, లే."

తర్వాతి బల్ల ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. మా చర్చిలో ఆ వేళ ఎవరైనా లేవొచ్చు. జ్వరం తగ్గిందనో, పత్తి చేతికొచ్చిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో చెప్పి స్తోత్రం అంటారు. నేను షెడ్డు అన్న మాట దగ్గరికి రాగానే సెక్రటరీ పాట ఎత్తుకున్నాడు. ముందు రెండు వరసలు అందుకున్నాయి. తబలా కూడా మొదలైంది. నేను ఆగలేదు. పాట మీద పాటంత గొంతుతో చెప్పాను, యార్డులో లారీ మీది కూలీలకి కేకవేసినట్టు. ఒక పెద్దాయన "ఒరేయ్, కూర్చోరా!" అన్నాడు. వెనక ఆడవాళ్లలోంచి ఎవరో "వాడిని చెప్పనీయండయ్యా, తొమ్మిదేళ్లాయె!" అని అరిచారు. యార్డులో "కల్లు మరదలా" అన్న గొంతే అది. పాట రెండో చరణంలో ఆగిపోయింది.

"సీసాలో కల్లు లేదు. ఎండ ఉంది. ఆ ఎండలో పెట్టింది నేను. నాకు ఆ రోజే తెలుసు" అన్నాను. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ప్రసంగం మొదలుపెట్టారు.

ప్రసంగం అయినా అక్క చెప్పులు వేసుకోలేదు. కూర్చుంది. చిన్న కప్పులు వరసలో వచ్చాయి. ఆమె తీసుకుంది, తాగింది, ముఖం చిట్లించింది.

పుస్తకంలో ఆ వాక్యం ఇంకా అలాగే ఉంది. పెద్దలు 'ఆలోచిస్తాం' అన్నారు. వాళ్లు ఆలోచించుకోనీ. నేనే ఇదంతా రాసి అచ్చు వేయించి, నా దగ్గరున్న ప్రతిలో ఆ పేజీ మీద అతికించాను. అడిగినవాళ్లకి ఆ కాగితం ఇస్తున్నాను.

ఆ ఆదివారం బయట మెట్ల దగ్గర అక్క నన్ను ఆపింది. క్షమించానని అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

"తొమ్మిదేళ్లు మీరంతా తాగింది ఇదా? జ్వరం మందులా ఉంది. మార్చిలో పళ్లొస్తాయి. వాళ్లు కాయమన్నా, వద్దన్నా నేను కాస్తా."

"సరే అక్కా. స్టోరేజీలో ఓనరుని అడిగి, ఈసారి చెప్పే..."

"వద్దు. సీసాలు నీ చేతికివ్వను" అంది. "పళ్లు మోసుకొచ్చి పెట్టు, చాలు."